శాతంగా మారిన దేహం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యంలో వైకల్య పింఛను అర్హత – చరిత్ర, పరిభాష

ఉపోద్ఘాతం

‘అర్హత’ అనే మాటకు తెలుగులో యోగ్యత, తగినతనం అనే అర్థాలు స్థిరపడ్డాయి. కావ్యభాషలో అర్హుడంటే పూజకో, సత్కారానికో, పదవికో తగినవాడు. అతని గొప్పతనమే ఆ అర్హతకు ఆధారం. ఆధునిక ప్రభుత్వ వ్యవహారంలో ఇదే మాట తలకిందులైంది. పింఛనుకు అర్హుడని తేలడానికి మనిషి తన లేమిని, తన లోపాన్ని నిరూపించుకోవాలి. చూపు ఎంత తగ్గిందో, కాలు ఎంత వంగదో, ఇంట్లో ఆదాయం ఎంత తక్కువో కాగితం మీద చూపగలిగినవాడే అర్హుడు. వైకల్య పింఛను విషయంలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో నేడు వైకల్య పింఛనుకు కనీస ప్రమాణం 40 శాతం. ఈ అంకె ఎక్కడినుంచి వచ్చింది, దానిని ఎవరు లెక్కిస్తారు, అది దేనిని కొలుస్తుంది, దేనిని కొలవలేకపోతుంది అనే ప్రశ్నలను మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల సామాజిక చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ప్రభుత్వం వైకల్యాన్ని పిలిచిన పేర్లు మారిన తీరు ఈ చరిత్రలో విడదీయరాని భాగం కనుక పరిభాషను కూడా ఇక్కడ ఆధారంగా స్వీకరించడం జరిగింది.

ప్రాంత నేపథ్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒకే పీఠభూమి వాలున ఉన్న ఊళ్లే అయినా వాటి పాలనా చరిత్రలు వేరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని పెద్ద జమీందారీలలో ఒకటి. కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీకి చెందినది. రైత్వారీ గ్రామంలో ప్రభుత్వానికీ రైతుకూ మధ్య పట్టా అనే కాగితం ఉండేది. జమీందారీ గ్రామంలో ఆ స్థానంలో దొర ఇష్టానిష్టాలు ఉండేవి. పనిచేయలేని మనిషికి సాయం అందే తీరులోనూ ఈ తేడా ఉండటం సహజం. గుడి, సత్రం, జమీందారు ఇల్లు, కులపెద్దలు, బంధువులు ఆనాటి ఆధారాలు. అక్కడ ధ్రువపత్రం అవసరం లేదు. మనిషిని ఊరు ఎరిగి ఉండటమే ధ్రువీకరణ. అయితే ఎరిగి ఉండటంలోనే కులం, లింగం, విధేయత అనే వడపోతలూ ఉండేవి. కనుక ఆ కాలాన్ని కరుణామయమైన గతంగా భావించడానికి వీలులేదు. నాటి సాయం హక్కు కాదు. అడిగినవాడికి ఇవ్వకపోతే ప్రశ్నించే చోటు లేదు.

వైద్యం ద్వారా మనిషి స్థితిని నిర్ణయించే పద్ధతి ఈ ప్రాంతానికి తొలుత క్షయ రూపంలో వచ్చింది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి నెలకొల్పిన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి చిరకాలం సారథ్యం వహించారు. భారతదేశంలో బీసీజీ టీకాల కార్యక్రమం 1948లో మదనపల్లెలోనే మొదలైంది. శానిటోరియంలో రోగి బరువు, జ్వరం, కఫ పరీక్ష, ఎక్స్‌రే చిత్రం అన్నీ నమోదయ్యేవి. ఎవరు ఎంతసేపు నడవాలో, ఎప్పుడు విశ్రమించాలో, ఎప్పుడు తిరిగి పనికి పోవచ్చో వైద్యుడు నిర్ణయించేవాడు. ‘ఈ మనిషి పని చేయగలడా?’ అనే ప్రశ్న ఊరి రచ్చబండ నుంచి ఆసుపత్రి రిజిస్టరులోకి మారిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. అక్కడి కొలతలన్నీ చికిత్స కోసమే గాని సాయాన్ని నిరాకరించడం కోసం కాదన్న భేదాన్ని గుర్తుంచుకోవాలి. పింఛను వ్యవస్థలో కొలత పాత్ర వేరు.

జనాభా లెక్కలలో వైకల్యం

పింఛను రాకముందే లెక్క వచ్చింది. 1872 మొదలు 1931 వరకు బ్రిటిష్ ప్రభుత్వ జనాభా లెక్కలలో వైకల్యాన్ని నమోదు చేశారు. మతి చలించినవారు, చెవిటి-మూగవారు, అంధులు, కుష్ఠు రోగులు అనేవి అందులోని ప్రధాన వర్గాలు. ఇంటింటికీ తిరిగే గణకుడే ఎవరు ఏ వర్గమో రాసుకొనేవాడు. కుష్ఠును, మతిభ్రమణాన్ని కుటుంబాలు దాచిపెట్టేవి. ఆ లెక్క వల్ల ఒనగూరే మేలేమీ లేదు. పేరు చెప్పుకొంటే మిగిలేది అవమానమే. 1941 నుంచి ఈ ప్రశ్నను తొలగించారు. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించిన 1981లో అది తిరిగి వచ్చింది. 1991లో మళ్లీ పోయింది. 2001 నుంచి మళ్లీ చేరింది. 2011లో ఎనిమిది వర్గాలుగా సమాచారం సేకరించారు.

ఈ రాకపోకలలో ఒక చారిత్రక సూచన ఉంది. దాచిపెట్టడం వలన తక్కువ నమోదవుతుందన్నది వలస కాలపు అధికారుల ఫిర్యాదు. లేనిది చూపి ఎక్కువ నమోదు చేయించుకుంటున్నారన్నది నేటి పింఛను అధికారుల అనుమానం. మధ్యలో మారింది ప్రజల నిజాయితీ కాదు. ఆ పేరుకు తోడుగా వచ్చే ఫలితం మారింది.

రాజ్యాంగం, చట్టం, నలభై శాతం

భారత రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం సందర్భాలలో ప్రజాసహాయం పొందే హక్కు కల్పనకు రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకు కృషి చేయాలని చెబుతుంది. ఇది ఆదేశిక సూత్రం కనుక న్యాయస్థానం ద్వారా నేరుగా అమలు చేయించుకోదగినది కాదు. ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 9వ అంశం వికలాంగుల, పనికి తగనివారి సహాయాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. పింఛను మొత్తం ప్రతి రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉండటానికి మూలం ఇదే.

1995లో పార్లమెంటు ఆమోదించి 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులోకి వచ్చిన వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. వైద్యాధికారి ధ్రువీకరించిన 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారినే అది ‘వికలాంగుడు’ అనే నిర్వచనంలోకి తీసుకొంది. అంటే 39 శాతం ఉన్న వ్యక్తి ఆ చట్టం దృష్టిలో వికలాంగుడే కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. అది 21 వైకల్యాలను గుర్తించడమే గాక నిర్వచనాన్ని రెండుగా విడదీసింది. దీర్ఘకాలిక శారీరక, మానసిక, బౌద్ధిక, ఇంద్రియ లోపం వలన, అడ్డంకులతో కూడిన సమాజంలో సమానంగా పాల్గొనలేకపోతున్న ప్రతివారూ వైకల్యం గల వ్యక్తులే. రిజర్వేషన్ల వంటి కొన్ని ప్రయోజనాలకు మాత్రం 40 శాతం ‘ప్రమాణ వైకల్యం’ కావాలి. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007లో భారతదేశం ధ్రువీకరించిన తరువాత వచ్చిన ఈ చట్టంలో వైకల్యం దేహంలోనే కాక దేహానికీ పరిసరానికీ మధ్య ఉందన్న అవగాహన ప్రవేశించింది. ఆచరణలో మాత్రం పింఛను అర్హత పాత గీత మీదనే నిలిచిపోయింది.

కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రారంభించిన ఇందిరాగాంధీ జాతీయ వైకల్య పింఛను పథకం గీత ఇంకా ఎత్తున ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం ఉన్న వయోజనులకే అది వర్తిస్తుంది. కేంద్రం వాటా నెలకు 300 రూపాయలు. ఒకే వ్యక్తి రాష్ట్రం లెక్కలో అర్హుడై, కేంద్రం లెక్కలో అనర్హుడు కావచ్చు.

శాతాన్ని లెక్కించే తీరు

శాతం అనే మాట వినగానే తూకం వంటి నిశ్చితత్వం స్ఫురిస్తుంది. 2001 జూన్‌లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు, వాటి స్థానంలో 2018 జనవరిలో వచ్చినవి పరిశీలిస్తే ఆ నిశ్చితత్వం ఎలా తయారవుతుందో తెలుస్తుంది. ఒక వ్యక్తికి రెండు లోపాలుంటే వాటిని నేరుగా కూడరు. పెద్ద శాతాన్ని ‘అ’ అని, చిన్న శాతాన్ని ‘ఆ’ అని అనుకుంటే, 90 నుంచి ‘అ’ను తీసివేసి, వచ్చినదానిని ‘ఆ’తో గుణించి, 90తో భాగించి, ఫలితాన్ని ‘అ’కు కలుపుతారు. చేతిలో 30 శాతం, కాలిలో 15 శాతం లోపం ఉన్న వ్యక్తికి ఈ సూత్రం ప్రకారం 60ని 15తో గుణించి 90తో భాగించగా 10 వస్తుంది. 30కి కలిపితే సరిగ్గా 40. అతడు అర్హుడు. కాలిలోని లోపాన్ని వైద్యుడు 15కు బదులు 14గా నమోదు చేస్తే మొత్తం 39.33 అవుతుంది. కీలు కదలికను కోణమానంతో కొలిచేటప్పుడు, కండరబలాన్ని చేత్తో నొక్కి అంచనా వేసేటప్పుడు ఒక వైద్యునికీ మరొక వైద్యునికీ ఒక శాతం తేడా రావడం వింత కాదు. ఆ ఒక్క శాతం మీద ఒక ఇంటి నెలవారీ జీవనాధారం ఆధారపడి ఉంటుంది.

దృష్టి విషయంలో మరొక ఉదాహరణ ఉంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవ కన్ను బాగున్నవారికి మార్గదర్శకాలు 30 శాతం నిర్ణయించాయి. వారు పింఛను గీతకు దిగువనే ఆగిపోతారు. అదే దేశంలో 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం షెడ్యూలు, పనిలో ఉండగా ఒక కన్నును పోగొట్టుకొని రెండవ కన్ను బాగున్నవారి సంపాదన శక్తిలో 40 శాతం నష్టంగా లెక్కిస్తుంది. దేహం ఒకటే, చట్టం అడిగే ప్రశ్న మారితే అంకె మారుతుంది. మొదటిది దేహంలో ఏమి పోయిందని అడుగుతుంది. రెండవది దానితో సంపాదనలో ఏమి పోయిందని అడుగుతుంది.

సదరం: ఒక సంక్షిప్తనామం, ఒక సామాజిక పదం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా 2010 ప్రాంతంలో అమలులోకి వచ్చిన కంప్యూటర్ వ్యవస్థ ‘సదరం’. వికలాంగులకు అందుబాటు, పునరావాసం, సాధికారత కల్పించడానికి అంచనా వేసే సాఫ్ట్‌వేర్ అనే దీర్ఘమైన ఆంగ్ల నామానికి ఇది సంక్షిప్త రూపం. అంతకుముందు వైద్యుడు చేతిరాతతో ఇచ్చే ధ్రువపత్రాలలో ఒకే లోపానికి ఒక్కో ఊళ్లో ఒక్కో శాతం పడేది. పలుకుబడికి, లంచానికి తావుండేది. వైద్యుడు నమోదు చేసిన కొలతల నుంచి శాతాన్ని యంత్రమే లెక్కగట్టడం ఈ వ్యవస్థ ప్రత్యేకత. సూత్రం అందరికీ ఒకటే కావడం నిస్సందేహంగా ముందడుగు.

భాషాపరంగా ఈ పదం ప్రయాణం గమనార్హం. ఆంగ్లాక్షరాల పొడిపేరుగా పుట్టిన ‘సదరం’ పల్లెల్లో అచ్చ తెలుగు నామవాచకంగా కుదురుకొంది. ‘సదరం క్యాంపు’, ‘సదరం సర్టిఫికెట్టు’ అనే సమాసాలు ఏర్పడ్డాయి, ‘సదరం ఉందా?’ అనేది వైకల్యం ఉందా అనే ప్రశ్నకు పర్యాయపదమైంది. కచేరీ భాషలో చిరకాలంగా ఉన్న ‘సదరు’ అనే మాటతో దీనికి వ్యుత్పత్తి సంబంధం లేకపోయినా, ధ్వనిసామ్యం వలన అది ప్రభుత్వపు మాటగా చెవికి ఇట్టే అమరింది. వైకల్యం ఉండటం వేరు, సదరం ఉండటం వేరు అన్న ఎరుక ప్రజల వాడుకలోనే ఉంది. కళ్లెదుట కనిపించే లోపం కాగితంలో కనిపించకపోవచ్చునని ఆ వాడుక చెబుతుంది.

సదరం శిబిరానికి చేరడమే ఒక పరీక్ష. కుప్పం నుంచి చిత్తూరు రోడ్డుమార్గాన వంద కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఎముకలు, కళ్లు, చెవి-ముక్కు-గొంతు, మానసిక వైద్యం – ఏ నిపుణుడు ఏ రోజున ఏ ఆసుపత్రిలో ఉంటాడన్న దానిని బట్టి ప్రయాణం నిర్ణయమవుతుంది. నడవలేని మనిషితో ఒకరు తోడు రావాలి; ఇద్దరి కూలీ పోతుంది; బస్సు మెట్లు ఎక్కలేనివారికి ఆటోయో కారో కావాలి. వైకల్యం తీవ్రమైన కొద్దీ దానిని నిరూపించుకొనే ఖర్చు పెరుగుతుంది. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాకు వెళ్లాయి. పక్కపక్క ఊళ్లవారు వేర్వేరు జిల్లాల వైద్య యంత్రాంగాల కిందికి వచ్చారు.

మొత్తం పెరిగిన కొద్దీ అనుమానం

వికలాంగుల పింఛను ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ పథకం కింద 500 రూపాయలు ఉండేది. 2014 అక్టోబరు 2 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద 40 నుంచి 79 శాతం వరకు 1,000 రూపాయలు, 80 శాతం ఆపైన 1,500 రూపాయలు అయింది. 2019లో వైకల్య పింఛను 3,000 రూపాయలకు చేరింది. 2024 జూలై 1 నుంచి 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. ఆ నెలలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ఇతరుల పథకాల కన్నా వికలాంగుల పథకాలలో సాయం కనీసం 25 శాతం ఎక్కువగా ఉండాలన్న 2016 చట్టం 24వ సెక్షను నిబంధనతో పోల్చితే ఆంధ్రప్రదేశ్ ఆ కనీసాన్ని దాటింది. ఈ పెంపు ఊరికే రాలేదు. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలోని వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి ఉద్యమాలు పింఛను మొత్తాన్ని ఎన్నికల వాగ్దానాల స్థాయికి తీసుకువచ్చాయి.

మొత్తం పెరగడంతో అర్హత గీత మీద ఒత్తిడీ పెరిగింది. 500 రూపాయల కాలంలో 39కీ 40కీ మధ్య తేడా ఏడాదికి 6,000 రూపాయలు. 6,000 రూపాయల కాలంలో అదే తేడా ఏడాదికి 72,000 రూపాయలు. 2025 జనవరి నుంచి రాష్ట్రప్రభుత్వం పునఃపరిశీలన చేపట్టింది. మొదట 15,000 రూపాయలు పొందుతున్నవారి ఇళ్లకు వైద్యబృందాలు వెళ్లాయి. తరువాత ఇతర వైకల్య పింఛనుదారులను ఆసుపత్రులకు పిలిచారు. ఆగస్టులో 40 శాతం కన్నా తక్కువగా తేలినవారికి నోటీసులు అందాయి. రాష్ట్రవ్యాప్తంగా నిరసనలు జరిగాయి. అప్పీలుకు అవకాశమిచ్చి పంపిణీ కొనసాగించవలసి వచ్చింది.

ఈ సందర్భంలో రెండు వాదాలకూ బలం ఉంది. తప్పుడు ధ్రువపత్రాలు ఉన్నాయన్నది కల్పన కాదు. అందుకే 2016 చట్టం 91వ సెక్షను మోసంతో ప్రయోజనం పొందినవారికి రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ప్రజాధనానికి లెక్క ఉండాలి. అయితే శాశ్వత వైకల్యమని ఒకనాడు ప్రభుత్వ వైద్యుడే సంతకం చేసిన కాగితాన్ని మరొకనాడు మరొక ప్రభుత్వ వైద్యుడు కొట్టివేస్తే, ఆ రెండు కొలతల మధ్య తేడాకు బాధ్యత పింఛనుదారుడి మీదనే పడటం సమంజసం కాదు. మార్గదర్శకాలు మారినందువల్ల వచ్చిన తేడా, వైద్యుని అంచనాలో వచ్చిన తేడా, మోసం వల్ల వచ్చిన తేడా – ఈ మూడూ వేర్వేరు. నోటీసు భాషలో మూడింటికీ ఒకే మాట: ‘అనర్హులు’.

రెండవ ద్వారం: ఇల్లు

దేహం అర్హత పొందినా ఇల్లు అర్హత పొందాలి. 2019 డిసెంబరు నుంచి అమలైన నిబంధనల ప్రకారం కుటుంబ నెలసరి ఆదాయం గ్రామాల్లో 10,000 రూపాయలు, పట్టణాల్లో 12,000 రూపాయలు మించరాదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు పరిమితి. నెలవారీ విద్యుత్ వాడకం 300 యూనిట్లు దాటకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు మినహా నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం ఉండరాదు.

వీటన్నింటి ప్రమాణం వ్యక్తి కాదు, కుటుంబం. అన్న ఇంట్లో తలదాచుకొనే వికలాంగురాలికి ఆ అన్న ఆదాయమే ఆమె ఆదాయంగా లెక్కకు వస్తుంది. అన్న ఆమెకు పైసా ఇవ్వకపోయినా కాగితంలో ఆమె పేదరాలు కాదు. ఊరు ఎరిగి సాయం చేసిన కాలంలో కుటుంబం మీద ఆధారపడటమే ఆమెకు గతి; ఆ ఆధారం నుంచి విడుదల చేయగల పింఛను ఆ ఆధారం ఉందన్న కారణంతోనే ఆగిపోవడం ఈ నిబంధనలోని విపర్యయం. మెట్ట పరిమితిలోనూ ప్రాంతీయ సమస్య ఉంది. వర్షాభావ పీడితమైన ఈ పడమటి మండలాల్లో బోరు ఎండిన మెట్టకూ, నీరున్న మెట్టకూ దిగుబడిలో పోలికే ఉండదు. నిబంధనకు అవి రెండూ ఒకటే.

పరిభాష: మూడు రాష్ట్రాల కూడలిలో

అవిటి, కుంటి, గుడ్డి, చెవిటి, మూగ వంటి మాటలు తెలుగులో శరీర లక్షణాన్ని చెబుతూనే మనిషి పేరుకు ముందు చేరి గుర్తింపుగా మారేవి. సామెతల్లో, తిట్లలో అవి పొందిన స్థానం అందరికీ తెలిసినదే. ప్రభుత్వ భాష వీటికి బదులుగా సంస్కృత సమాసమైన ‘వికలాంగులు’ను స్వీకరించింది. అందులో అవమానం తగ్గింది గాని లోపం అంగంలో ఉందన్న భావన అలాగే నిలిచింది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి సూచనతో ‘దివ్యాంగులు’ ప్రచారంలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో ‘విభిన్న ప్రతిభావంతులు’ చేరింది.

తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కలిసే కుప్పంలో ఈ పరిభాష మూడింతలు. తమిళంలో ‘ఊనముట్రోర్’ స్థానంలో 2010 ప్రాంతంలో ‘మాట్రుత్తిరనాళి’ అనే మాటను ప్రభుత్వం తెచ్చింది. వేరొక సామర్థ్యం కలవాడని దాని అర్థం. కన్నడంలో ‘అంగవికల’తో పాటు ‘వికలచేతన’ శాఖానామంగా స్థిరపడింది. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి, బడిలో తెలుగు చదివి, ఆంగ్లంలో రాసిన వైద్య మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు నిలబడే కుప్పం నివాసికి తన స్థితికి నాలుగు పేర్లు ఉన్నాయి. 1997లో ఇక్కడ ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి సంస్థలకు ఈ పరిపాలనా పరిభాషల తులనాత్మక అధ్యయనం సహజమైన పని.

కొత్త పేర్లలోని ఒక వైరుధ్యాన్ని ఇక్కడ ఎత్తిచూపాలి. శాఖ పేరు ‘విభిన్న ప్రతిభావంతులు’. ఆ శాఖ ప్రయోజనాలకు కావలసిన కాగితం మాత్రం ప్రతిభను అడగదు, లోపశాతాన్ని అడుగుతుంది. పేరు మనిషిని పైకెత్తుతుంది. దరఖాస్తు కిందికి చూడమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో లోపం, వైకల్యం, ప్రతిబంధకం అనే మూడు స్థాయిలను వేరుచేసింది. 2001లో ఆ వర్గీకరణను సవరించి పరిసరాల పాత్రకు ప్రాధాన్యమిచ్చింది. తెలుగు పరిపాలనా భాషలో ఈ మూడూ ‘వైకల్యం’ అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. గౌరవ వాచకాలు మార్చడంలో చూపిన శ్రద్ధ ఈ భావభేదాలకు మాటలు కల్పించడంలో కనబడదు.

పని, శాతం

అమెరికన్ రాజనీతి పండితురాలు డెబొరా స్టోన్ 1984లో ప్రచురించిన గ్రంథంలో వైకల్యాన్ని ఒక పరిపాలనా వర్గంగా వివరించారు. పని చేసి బతకవలసినవారెవరు, పని నుంచి మినహాయింపు పొందదగినవారెవరు అన్న గీతను గీయడానికి రాజ్యం వైద్యుని ఆశ్రయించిందని, దాని మూలాలు ఇంగ్లండు పేదల చట్టాలలో ఉన్నాయని ఆమె నిరూపించారు. ఈ దృష్టితో చూస్తే 40 శాతం వైద్యశాస్త్రం కనుగొన్న సహజ సరిహద్దు కాదు. ఎంతమందిని లోపలికి అనుమతించాలన్న పాలనా నిర్ణయం.

ఈ ప్రాంతపు పనులను ఆ గీత పక్కన ఉంచి చూడాలి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలు ఉన్నాయి. గుంట మగ్గం మీద నేసేవాడికి కాళ్లతో పలకలు తొక్కాలి, చేతులతో నాడె ఆడించాలి, కన్నుతో పోగు తెగినచోటు పట్టుకోవాలి. పట్టుగూళ్ల నుంచి దారం తీసే పనికి వేడినీటిలో వేళ్ల నేర్పు కావాలి. టమాట తోటల్లో రోజంతా వంగి కోయాలి. మార్కెట్టులో బాక్సులు మోయాలి. కుప్పం ప్రాంతపు గ్రానైటు పనిలో దేహబలమే పెట్టుబడి. ఒక కంటిచూపు పోయి 30 శాతం పొందిన నేతగాడు, రెండు వేళ్లు పోయిన దారం తీసే కార్మికురాలు, నడుము వంగని కూలీ – కాగితంలో అనర్హులైనా తమ పనిలో పూర్తిగా అశక్తులు కావచ్చు. బల్ల ముందు కూర్చొని చేసే ఉద్యోగంలో ఉన్న వ్యక్తికి అదే లోపం జీతాన్ని తగ్గించకపోవచ్చు.

ఈ తర్కం భారత న్యాయానికి కొత్తది కాదు. 1976 నాటి న్యాయ నివేదికల్లో వెలువడిన ఒక తీర్పులో, మోచేతి వద్ద ఎడమ చేతిని పోగొట్టుకొన్న వడ్రంగి ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కనుక అతని నష్టం సంపూర్ణమేనన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, పరీక్షలో లేఖకుని సాయం పొందడానికి 40 శాతం ప్రమాణాన్ని విధించరాదని, చట్టంలోని రెండు నిర్వచనాలను కలపరాదని చెప్పింది. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో, వైద్యవిద్య ప్రవేశాలకు శాతం ఒక్కటే ప్రమాణం కాదనీ, అభ్యర్థి ఏమి చేయగలడో మండలి పరిశీలించి కారణాలు నమోదు చేయాలనీ తీర్పునిచ్చింది. విద్యార్థి విషయంలో అంగీకరించిన ఈ క్రియాత్మక అంచనా నేతగాడికీ, కూలీకీ ఇంకా అందలేదు. పింఛను అర్హతలో వృత్తి అన్న గడి లేదు.

ఉపసంహారం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల అనుభవం నేపథ్యంలో వైకల్య సహాయ చరిత్రను మూడు దశలుగా గుర్తించవచ్చు. ఊరు ఎరిగి ఇచ్చిన దశలో హక్కు లేదు. వైద్యుడు చేతిరాతతో ధ్రువీకరించిన దశలో హక్కు ఉన్నా సమానత లేదు. యంత్రం శాతం లెక్కించే దశలో సూత్ర సమానత వచ్చింది గాని మనిషి పని, ఇంట్లో అతని స్థానం, ఆసుపత్రికీ అతనికీ మధ్య దూరం లెక్కలోకి రాలేదు. మొదటి దశకు తిరిగి వెళ్లడం పరిష్కారం కాదు. మూడవ దశ సాధించిన సమానతను వదులుకోనక్కరలేదు.

చేయదగినవి చట్టం పరిధిలోనే ఉన్నాయి. 2017 నిబంధనల ప్రకారం ధ్రువపత్రం నిరాకరించినప్పుడు కారణాలు రాతపూర్వకంగా తెలపాలి. 59వ సెక్షను అప్పీలుకు అవకాశమిచ్చింది. ఆ కారణాలు ఏ కొలత ఎంత వచ్చిందో, ఏ సూత్రంతో కూడారో తెలుగులోను, సరిహద్దు మండలాల్లో తమిళ కన్నడాలలోను ఉండాలి. అర్థం కాని కారణం మీద అప్పీలు చేయడం సాధ్యం కాదు. గీతకు కొద్దిపాటి దిగువన ఉన్నవారికి వృత్తిని కలుపుకొన్న రెండవ అంచనా ఉండాలి. కుటుంబ ఆదాయానికి బదులు వైకల్యం ఉన్న వ్యక్తి ఆదాయాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. తీవ్ర వైకల్యం ఉన్నవారి ఇంటికే వైద్యబృందం వెళ్లగలదని 2025 పునఃపరిశీలన చూపింది. తొలగించే అవకాశాన్ని పరిశీలించడానికి ఇంటికి వెళ్లగలిగిన బృందం, చేర్చుకోవడానికీ వెళ్లగలదు.